పాఠానికి పనికొచ్చే ఆన్‌లైన్ వనరు: వెతకడం, సరిచూడటం, తరగతిలో వాడటం

యూట్యూబ్‌లో "టెన్త్ క్లాస్ ఎలక్ట్రిసిటీ" అని కొట్టి చూడండి. గంట నిడివి లెక్చర్లు వరసగా వస్తాయి. మీ పీరియడ్ ఉండేదే 40, 45 నిమిషాలు. అందులో హాజరు, నిన్నటి హోంవర్కు పోను మిగిలే టైంలో ఇంకో మాస్టారి పాఠం పెట్టి మీరు పక్కన నిలబడితే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. మీకు కావాల్సింది పాఠం మొత్తం కాదు. పాఠంలో మీ సుద్దముక్కతో కాని ఒక చిన్న భాగం, మూడు నాలుగు నిమిషాలది. దాన్ని ఎలా పట్టుకోవాలో, కరెంటు పోయినా నెట్ లేకపోయినా ఎలా నడపాలో చూద్దాం. కర్నూలు, అనంతపురం, కడప జిల్లాల ప్రభుత్వ బడులనే మనసులో పెట్టుకుని రాస్తున్నాం.

1. ముందు పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో రాసుకోండి

యాప్ తెరవకముందే కాగితం మీద ఒక్క వాక్యం రాయండి. "విద్యుత్ పాఠానికి వీడియో కావాలి" అని రాస్తే లాభం లేదు. "శ్రేణిలో రెండు బల్బులుంటే, మొదటి బల్బు కొంత కరెంటు తినేస్తుందనీ రెండోదానికి తక్కువ వస్తుందనీ పిల్లలు అనుకుంటున్నారు" అని రాయండి. పోయిన ఏడాది తరగతి పరీక్షల పేపర్లు తిరగేస్తే ఇలాంటివి చాలా దొరుకుతాయి. ఈ వాక్యం ఉంటే వెతకడం పది నిమిషాల పని, లేకపోతే రాత్రంతా పడుతుంది.

తర్వాత ఇంకో ప్రశ్న: దీనికి తెర నిజంగా అవసరమా? కంటికి కనపడనిది (ఎలక్ట్రాన్లు, కణ విభజన), చాలా నెమ్మదిగా జరిగేది (విత్తనం మొలకెత్తడం), దూరంగా ఉన్నది, తరగతిలో చేస్తే ప్రమాదమైనది అయితే తెర పనికొస్తుంది. నిర్వచనం చెప్పడానికీ, సూత్రం రాబట్టడానికీ, లెక్క చేయించడానికీ బోర్డే మేలు. ఆకు కావాలంటే బడి వెనక వేపచెట్టు ఉంది, దాని వీడియో అక్కర్లేదు.

2. ఏ వరసలో వెతకాలి

పాఠ్యపుస్తకంలోని క్యూఆర్ కోడ్‌తో మొదలుపెట్టండి. దీక్ష యాప్ (పాఠాల వనరులుండే ప్రభుత్వ యాప్) తెరిచి, ఉపాధ్యాయుడు అని ఎంచుకుని, బోర్డు దగ్గర ఆంధ్రప్రదేశ్, ఆపైన మాధ్యమం, తరగతి సరిగ్గా పెట్టండి. స్కాన్ చేస్తే ఏమీ రావట్లేదని చాలామంది అంటారు. ఎక్కువసార్లు కారణం బోర్డు సీబీఎస్ఈ అని ఉండిపోవడమో, పుస్తకం పాతది కావడమో. ముద్రణ మసకగా ఉండి కెమెరా పట్టకపోతే కోడ్ కింద ఉండే ఆరు అక్షరాల సంకేతాన్ని దీక్షలో టైప్ చేయండి, అదే పేజీ తెరుచుకుంటుంది.

రాయదుర్గం, ఆదోని వైపు కన్నడ మాధ్యమం చెప్పేవాళ్లు దీక్షలో బోర్డును కర్ణాటకకు మార్చి చూడండి. పాఠాల వరస మనదానికి సరిపోదు కానీ భావన వివరించే కన్నడ వీడియోలు దొరుకుతాయి. ఉర్దూ మాధ్యమానికీ ఇదే పద్ధతి.

అక్కడ దొరకకపోతే సబ్జెక్టును బట్టి వెళ్లండి. సైన్సు, లెక్కలకు ఫెట్ సిమ్యులేషన్లు, అంటే తెర మీదే మార్చి చూసే ప్రయోగాలు. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టినవి, ఉచితం, భాషల జాబితాలో తెలుగు కూడా ఉంటుంది. లెక్కల్లో జ్యామితి, గ్రాఫులకు జియోజీబ్రా. హైస్కూలు ప్రయోగాలకు అమృత విశ్వవిద్యాలయం, సీడ్యాక్ కలిసి చేసిన ఓల్యాబ్స్. తక్కువ ఖర్చుతో చేతులతో చేసే పరికరాలకు అరవింద్ గుప్తా సైట్. ప్రైమరీ చదవడానికి ప్రథమ్ బుక్స్ వారి స్టోరీవీవర్: కథలు నాలుగు స్థాయుల్లో ఉంటాయి, లాగిన్ అయితే పీడీఎఫ్ దించుకోవచ్చు. ఫొటోలకు వికీమీడియా కామన్స్.

యూట్యూబ్‌కి చివర్లోనే వెళ్లండి. అక్కడ మంచివి లేకపోవడం వల్ల కాదు, మంచిదాన్ని ఏరడానికే టైమంతా పోతుంది కాబట్టి.

3. వెతికే పెట్టెలో ఏం రాయాలి

తెలుగులో టైప్ చేసి వెతకండి, అదీ పుస్తకంలో ఉన్న పదంతోనే. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే ఒక్కొక్కరు ఒక్కోలా రాస్తారు, సగం ఫలితాలు జారిపోతాయి. పుస్తకంలో ఎదురెదురు పేజీల్లో రెండు భాషలూ ఉంటే, ఇంగ్లీషు పేజీలోని పదంతో ఇంకోసారి వెతకండి. సిమ్యులేషన్లు, బొమ్మలు ఎక్కువగా అలాగే దొరుకుతాయి.

రెండు మూడు పదాలు కలిసే కావాలంటే కొటేషన్ గుర్తుల మధ్య పెట్టండి. ఒకే సైట్‌లో వెతకాలంటే ఇంగ్లీషులో సైట్ అని రాసి, రెండు చుక్కలు పెట్టి, ఖాళీ వదలకుండా ఆ సైట్ చిరునామా రాసి, తర్వాత మీ పదం రాయండి. వర్క్‌షీట్లు కావాలంటే ఫైల్‌టైప్ అని రాసి రెండు చుక్కలు, పీడీఎఫ్. గూగుల్ బొమ్మల్లో టూల్స్ నొక్కి, వాడుక హక్కుల దగ్గర క్రియేటివ్ కామన్స్ ఎంచుకుంటే తిరిగి వాడుకోదగిన బొమ్మలే వస్తాయి.

పాత తెలుగు పీడీఎఫ్‌ల దగ్గర ఒక ఇబ్బంది ఉంది. అవి అను ఫాంట్లలో చేసినవైతే యూనికోడ్ (అన్ని ఫోన్లూ కంప్యూటర్లూ గుర్తించే అక్షర పద్ధతి) కాదు. వెతికితే దొరకవు, కాపీ చేసి అతికిస్తే అర్థంకాని గుర్తులు వస్తాయి. ఆ పేజీని ఫొటో తీసి గూగుల్ డ్రైవ్‌లో ఎక్కించి, గూగుల్ డాక్స్‌తో తెరవండి. అక్షరాలు చాలావరకు యూనికోడ్‌లోకి వస్తాయి. వత్తులు, థ-ధ లాంటి జంటలు తారుమారవుతాయి, ఒకసారి చదివి దిద్దుకోవాలి.

4. తరగతిలో పెట్టే ముందు మీరు మొత్తం చూడాలి

ఇది వదిలేస్తే మిగతా కష్టమంతా వృథా. మొదటి నిమిషం చూసి బాగుందనుకోవద్దు. చివరిదాకా, శబ్దంతో సహా చూడండి. దేనికోసం చూడాలంటే:

విషయం తప్పుందేమో. ఋతువుల వీడియోలు తీసుకోండి. భూమి కక్ష్యను కోడిగుడ్డులా సాగదీసి గీసి, సూర్యుడికి దగ్గరైనప్పుడు ఎండాకాలం అన్నట్టు చూపించేవి చాలా ఉన్నాయి. నిజానికి భూమి సూర్యుడికి అతి దగ్గరగా ఉండేది జనవరి మొదట్లో, మనకు చలికాలంలో. ఋతువులకు కారణం అక్షం 23.5 డిగ్రీలు వాలి ఉండటం. మాటల్లో సరిగ్గా చెప్పి, బొమ్మలో తప్పు చూపే వీడియోలూ ఉన్నాయి. పిల్లలకు గుర్తుండేది బొమ్మే.

పదాలు కలుస్తున్నాయేమో. మన పుస్తకంలో వడి వేరు, వేగం వేరు. చాలా వీడియోల్లో రెంటికీ వేగమనే అంటారు. వీడియో వదులుకోనక్కర్లేదు, ఆ చోట ఆపి మన పదం చెబితే చాలు. ఎక్కడ ఆపాలో ముందే రాసుకోండి.

మ్యాపులు ఎప్పటివో. 2022 ఏప్రిల్ 4న మన రాష్ట్రంలో జిల్లాలు 13 నుంచి 26 అయ్యాయి. అంతకుముందు గీసిన మ్యాపులో నంద్యాల, శ్రీసత్యసాయి, అన్నమయ్య జిల్లాలు ఉండవు. అప్పటి వీడియోల్లో బెలుం గుహలు ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉన్నట్టు, లేపాక్షి అనంతపురం జిల్లాలోనే ఉన్నట్టు చెబుతారు. పిల్లాడు అదే రాసుకుంటాడు.

మధ్యలో ఏమొస్తాయో. ప్రకటనలు, ముగిశాక తెర మీద తేలే ఇంకో వీడియో బొమ్మలు. ఆటోప్లే ఆపేయండి, చివరి పది సెకన్లకు ముందే వీడియో నిలిపేయండి.

ఏఐ చాట్‌తో ప్రశ్నలు, వర్క్‌షీట్లు తయారు చేయించేవాళ్లకూ ఇదే మాట. అడిగేటప్పుడు తరగతి, పాఠం, మీ ఒక్క వాక్యం ఇవ్వండి. పుస్తకంలోని పేరా అతికించి "ఇందులో నుంచే ప్రశ్నలు" అనండి. వచ్చిన జవాబుల పట్టీని నమ్మకుండా ప్రతి లెక్కా మీరే చేసి చూడండి. తెలుగు పదాలు కొన్నిసార్లు సొంతంగా కల్పించినట్టు ఉంటాయి, వాటిని పుస్తకంతో పోల్చి మార్చాలి.

5. దించుకోవడం, దాచుకోవడం

తరగతిలో నెట్ ఉంటుందని నమ్ముకుని వెళ్లొద్దు. ముందురోజే దించుకుని, బడిలో ఉన్న తెర మీదే ఒకసారి ఆడించి చూడాలి. ఇంట్లో ల్యాప్‌టాప్‌లో బాగా ఆడింది ఐఎఫ్‌పీ (తరగతి గోడకుండే పెద్ద టచ్ తెర) మీద ఆడకపోవడం మామూలే.

ఫెట్ సిమ్యులేషన్ పేజీలో డౌన్‌లోడ్ గుర్తు నొక్కితే ఒకే ఒక్క హెచ్‌టీఎమ్ఎల్ ఫైల్ వస్తుంది. దాంతోనే అంతా నడుస్తుంది, నెట్ అక్కర్లేదు. పెన్‌డ్రైవ్ నుంచి నేరుగా నొక్కితే కొన్ని ఆండ్రాయిడ్ తెరల మీద తెల్ల పేజీ వస్తుంది. అప్పుడు ఫైల్‌ను తెరలోని మెమరీలోకి కాపీ చేసి, "దీనితో తెరువు" దగ్గర క్రోమ్ ఎంచుకోండి. తెలుగు అనువాదం లేకపోతే ఇంగ్లీషుదే తీసుకోండి. వీటిలో మాటలు తక్కువ, పిల్లలకు అడ్డం కావు.

యూట్యూబ్ యాప్‌లో డౌన్‌లోడ్ చేసిన వీడియో ఆ ఫోన్‌లో, ఆ యాప్‌లో మాత్రమే ఆడుతుంది, పెన్‌డ్రైవ్‌లోకి రాదు. పైగా యాప్‌లోని క్యాస్ట్ గుర్తు నొక్కితే తెర తనంతట తాను నెట్ నుంచి వీడియో లాగడానికి చూస్తుంది. నెట్ లేకపోతే ఆగిపోతుంది. దానికి బదులు ఫోన్ సెట్టింగుల్లో స్క్రీన్ మిర్రరింగ్ పెట్టండి, లేదా కేబుల్‌తో కలపండి. డేటా తక్కువుంటే 480పీ చాలు, వెనక బెంచీకి కూడా అర్థమవుతుంది. చిన్న అక్షరాలు, అంకెలు చదవాల్సిన వీడియో అయితేనే 720పీ.

పెన్‌డ్రైవ్ 32 జీబీది తీసుకుని ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేయండి. దాదాపు అన్ని టీవీలూ ఐఎఫ్‌పీలూ దాన్ని చదువుతాయి. 4 జీబీ దాటిన ఫైల్ మాత్రం దాంట్లో పట్టదు. వీడియోలు ఎంపీ4లో ఉండాలి. బొమ్మ కనిపించి శబ్దం రాకపోతే, శబ్దం వచ్చి బొమ్మ నల్లగా ఉంటే, సాధారణంగా ఫైల్ కోడెక్ (వీడియోను కుదించిన పద్ధతి) ఆ తెరకు తెలియనిది. వీఎల్‌సీ ప్లేయర్ వేసి దానితో ఆడించండి, లేదా కంప్యూటర్లో హెచ్.264కి మార్చుకోండి. ఫైళ్ల పేర్లు ఇంగ్లీషు అక్షరాల్లోనే పెట్టండి. తెలుగు పేర్లు కొన్ని తెరల మీద గళ్లుగళ్లుగా కనిపిస్తాయి, పీరియడ్ మధ్యలో ఏది ఏదో తెలియదు. తరగతి, సబ్జెక్టు, భావన, నిమిషాలు, ఈ వరసలో పేరు పెడితే వెంటనే దొరుకుతుంది.

తోటి టీచర్‌కు వీడియో పంపేటప్పుడు వాట్సాప్‌లో గ్యాలరీ నుంచి కాకుండా డాక్యుమెంట్‌గా పంపండి. గ్యాలరీ నుంచి పంపితే కుదించేస్తుంది, బోర్డు మీది అంకెలు అలుక్కుపోతాయి.

కంప్యూటర్ గది ఉండి నెట్ లేని బడికి, వికీపీడియా లాంటివాటిని నెట్ లేకుండా చదివించే కివిక్స్ మంచి దారి. నెట్ ఉన్నచోట కివిక్స్ సాఫ్ట్‌వేర్, తెలుగు వికీపీడియా ఫైల్ ఒకసారి దించుకుంటే చాలు. బొమ్మలు లేని రకం తీసుకుంటే జాగా బాగా తగ్గుతుంది. ఒక కంప్యూటర్లో సర్వర్ ఆన్ చేస్తే అదే రౌటర్‌కు కలిసిన మిగతావన్నీ నెట్ లేకుండానే చదువుకోవచ్చు.

6. తరగతిలో: రెండు బల్బుల పాఠం

మొదటి అడుగులో రాసుకున్న వాక్యానికే వద్దాం. ఫెట్‌లో సర్క్యూట్ కన్‌స్ట్రక్షన్ కిట్ డీసీ అనే సిమ్యులేషన్ ఉంది.

తెర ఆన్ చేయకముందు బోర్డు మీద ఒక బ్యాటరీ, శ్రేణిలో రెండు బల్బులు గీయండి. బ్యాటరీకీ మొదటి బల్బుకీ మధ్య ఏ, రెండు బల్బుల మధ్య బీ, రెండో బల్బు తర్వాత సీ అని మూడు చోట్లు గుర్తుపెట్టండి. ఎక్కడ కరెంటు ఎక్కువ? చేతులెత్తించి, ఎంతమంది ఏది అన్నారో బోర్డు మీద రాయండి. ఇది మూడు నిమిషాల పని, దీన్ని వదలొద్దు. తను ముందే ఒక మాట అన్నాడు కాబట్టి పిల్లాడు తెర వంక పట్టుదలగా చూస్తాడు. అనకుండా చూస్తే రంగుల బొమ్మ చూసినట్టే చూస్తాడు.

ఇప్పుడు తెర. ఒక బ్యాటరీ, ఒక బల్బు, అమ్మీటరు. బ్యాటరీ 9 వోల్టులు, బల్బు నిరోధం 10 ఓములు ఉంటే అమ్మీటరు 0.9 ఆంపియర్లు చూపాలి. ఓమ్ నియమంతో ముందు పిల్లల చేతే లెక్క కట్టించండి. తర్వాత రెండో బల్బు శ్రేణిలో కలిపించండి. మీరు కాదు, ఒక పిల్లాడినో పిల్లనో పిలిచి కలిపించండి. అమ్మీటరును "ఏ" గుర్తు దగ్గర పెడితే 0.45, "బీ" దగ్గరా అంతే, "సీ" దగ్గరా అంతే. బోర్డు మీది చేతుల లెక్క చూపించి, ఎందుకిలా వచ్చిందని అడిగి కాసేపు ఆగండి. జవాబు మీరు చెప్పేయొద్దు. "మొత్తానికే తగ్గింది సార్, ఒక్క దగ్గర కాదు" అని ఎవరో ఒకరు అంటారు. ఆ మాట వచ్చాక సమాంతరంగా కలపండి: ఒక్కో బల్బులో 0.9, బ్యాటరీ దగ్గర 1.8.

తీగతో బ్యాటరీ రెండు కొనలూ నేరుగా కలిపితే సిమ్యులేషన్‌లో మంట కనిపిస్తుంది. పిల్లలు తప్పకుండా చేసి చూస్తారు, చేయనివ్వండి. కానీ ఇంటి ప్లగ్గుతోనో, ఇన్వర్టర్ బ్యాటరీతోనో, మోటారు స్టార్టర్ దగ్గరో ఇలా చేయకూడదని గట్టిగా, స్పష్టంగా చెప్పండి. పొలాల్లో బోరు మోటార్ల దగ్గర తిరిగే పిల్లలు మన తరగతుల్లో చాలామంది ఉంటారు.

చివర్లో తెర ఆపి, రెండు టార్చి సెల్లులు, రెండు చిన్న బల్బులతో నిజంగా చేయండి. లెక్క తెర మీద వచ్చినంత కచ్చితంగా రాదు. ఫిలమెంటు వేడెక్కేకొద్దీ దాని నిరోధం మారుతుంది, సెల్లుకూ లోపలి నిరోధం ఉంటుంది, సిమ్యులేషన్‌లో దాన్ని సున్నాగా తీసుకున్నారు. ఆ తేడా ఎందుకో పిల్లలతో మాట్లాడితే మంచి పాఠం అదే. తెర మీద చూపించి సెల్లులు ముట్టుకోనివ్వకపోతే వాళ్లకు ఇదంతా గేమ్‌గానే మిగులుతుంది.

సాంఘిక శాస్త్రానికీ ఇదే పద్ధతి. నది లోయను ఎలా కోస్తుందో చెప్పేటప్పుడు పుస్తకంలోని దూరదేశపు ఫొటో కంటే జమ్మలమడుగు దగ్గర గండికోట మేలు. గూగుల్ ఎర్త్‌లో పెన్నా వెంబడి పైనుంచి కిందికి జరుపుతూ ఒక నిమిషం స్క్రీన్ రికార్డింగ్ తీసి పెట్టుకోండి, తరగతిలో నెట్‌తో పని ఉండదు. గోడలెందుకు నిలువుగా ఉన్నాయి, రాయి పొరలు పొరలుగా ఎందుకుంది అని అడగండి. సున్నపురాతి మీద నీటి పనికి బెలుం గుహల ఫొటోలు కామన్స్‌లో ఉన్నాయి.

ప్రైమరీలో స్టోరీవీవర్ కథ తెర మీద చదివించేటప్పుడు కొన్ని మాటలు మన పిల్లలకు కొత్తగా ఉంటాయి. అక్కడి కథలు మార్చుకునే లైసెన్సుతో వచ్చినవి కాబట్టి, లాగిన్ అయి మన ఊరి మాట పెట్టి వేరే కథగా దాచుకోవచ్చు. అసలు రచయిత, బొమ్మలు గీసినవారి పేర్లు తీసేయకూడదు.

గది విషయంలో రెండే మాటలు. తెర మీద ఎండ పడే వైపు కిటికీ ముందే మూయించండి. ఫ్యాన్ల చప్పుడులో టీవీ గొంతు వెనక వరసకు చేరదు, చిన్న స్పీకరు కలపండి లేదా శబ్దం ఆపేసి మీరే వివరించండి. రెండోదే చాలాసార్లు బాగుంటుంది.

7. ఇంటికి పంపేవి

ఇంట్లో ఫోను ఒకటే ఉంటుంది, అది నాన్న చేతిలోనో అన్న చేతిలోనో రాత్రి దాకా తిరిగి రాదు. కాబట్టి లింకు పంపి రేపటికి చూసి రమ్మనడం, చూడనివాళ్లను నిలబెట్టడం న్యాయం కాదు. పంపితే 2, 3 నిమిషాల ఆడియోనో, ఒక ఫొటోనో పంపండి. దాని మీద పని మాత్రం బడిలోనే ఉండాలి. కోసిగి, ఆదోని వైపు నుంచి సుగ్గికి గుంటూరు మిరప కోతలకు వెళ్లే కుటుంబాల పిల్లలకు, వెళ్లేముందే పది పన్నెండు వర్క్‌షీట్లు అచ్చు తీసి చేతికివ్వండి, రోజుకొక ఆడియో వాట్సాప్‌లో పెట్టండి. వాళ్లు తిరిగొచ్చేసరికి అక్షరాలు మర్చిపోకుండా ఉండటానికి ఇంతకంటే తేలికైన దారి ప్రస్తుతానికి లేదు.

8. హక్కులు

1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ బోధనలో భాగంగా టీచరు, విద్యార్థి ఒక రచనను పునరుత్పత్తి చేసుకోవడానికి వీలిస్తుంది. తరగతిలో చూపించడానికి భయపడాల్సింది లేదు. దాన్నే మీ ఛానల్లో పెట్టడం వేరే సంగతి. క్రియేటివ్ కామన్స్‌లో బీవై అంటే పేరు చెప్పి వాడుకోవచ్చు, ఎస్ఏ అంటే మీరు చేసినదీ అదే లైసెన్సుతో ఇవ్వాలి, ఎన్‌సీ అంటే వ్యాపారానికి వాడకూడదు, ఎన్‌డీ అంటే మార్చకూడదు. పిల్లల ముఖాలు కనిపించే వీడియోలు తల్లిదండ్రులను అడగకుండా ఎక్కడా పెట్టొద్దు.

9. వాడాక

అదే రోజు లెసన్ ప్లాన్ పక్కన మూడు ముక్కలు రాయండి: ఏది ఆడలేదు, పిల్లలు ఏ ప్రశ్న అడిగారు, వచ్చే ఏడాది ఎక్కడ ఆపాలి. నెలకోసారి కాంప్లెక్స్ మీటింగుకు (చుట్టుపక్కల బడుల టీచర్లు కలిసేది) ఆ పెన్‌డ్రైవ్ తీసుకెళ్లండి. ఒక్కో టీచరు తను సరిచూసి, వాడి, బాగుందనుకున్న రెండు ఫైళ్లు, వాటి పక్కన ఈ మూడు ముక్కలు ఇస్తే, ఏడాది తిరిగేసరికి ఆ సబ్జెక్టులో చాలా పాఠాలకు వెతికే పని తప్పుతుంది. సరిచూడని లింకులు గ్రూపులో వందలు వచ్చిపడతాయి, వాటిని ఈ ఫోల్డర్లో కలపకండి.